దైవజ్ఞానము – వినయము

జ్ఞానమును కోరనివారు లేరు. అయినను ఏది జ్ఞానమో యెఱుగుట సులభము గాదు. పెక్కు గ్రంథములు చదివి, వాదమున నెదిరిని నిరుత్తరుని జేయువానిని లోకము జ్ఞాని యని కొనియాడును. క్రైస్తవ గ్రంథములలోని యాకోబు పత్రిక, 3వ అధ్యాయమున, వేఱొక కొలత జూపుచున్నది. దాని నించుక విచారింతము.

యాకోబు మొదట నాలుకను గూర్చియు, పిమ్మట జ్ఞానమును గూర్చియు జెప్పెను. ఈ వరుస నిర్హేతుకము గాదు. బోధకుడు కాగోరువానికి నాలుకయే మొదటి పరీక్ష. మత్సరముతోను, స్వపక్షమే గెలువవలె నను పట్టుదలతోను గూడిన తెలివి యెంత సూక్ష్మమైనను భూసంబంధమైనదే. నిర్మలమై, శాంతమై, పరుల మాట వినుటకు సిద్ధమై, దయాకార్యములుగా ఫలించునది పైనుండి వచ్చునది. కావున వినయము జ్ఞానమునకు భూషణమాత్రము గాదు. దానిని గుర్తించు లక్షణము. సత్యము దేవునిదని నమ్మినవాడు దానిని తన సొత్తుగా జూపి గర్వింపజాలడు గదా!

వినయ మనగా ఆత్మనింద యని కొందఱు తలతురు. అది పొరపాటు. యోహాను సువార్త 13వ అధ్యాయమున ఏసు తన యధికారమును లెస్సగా నెఱిగియే, నడుమునకు తువాలు గట్టుకొని శిష్యుల పాదములు గడిగెను. తన గొప్పను స్థాపించుకొను నక్కఱ లేనివాడే పరుల కడ వంగగలడు.

ఇట్టి వినయమునకు మన సమాజచరిత్రమున నొక నిదర్శనము గలదు. రామమోహనరాయలవారు 1820లో ఏసు నీతిబోధలను సంకలించి కలకత్తాలో ప్రకటింపగా, శ్రీరామపురపు మిషనరీలు, ముఖ్యముగా మార్ష్‌మన్ దొరగారు, ఆక్షేపించిరి. వాదము కొన్ని యేండ్లు సాగెను. ఆ దినములలోనే, సువార్తలను వంగభాషలోనికి దెచ్చు పనిలో రాయలవారితో గూడియున్న బాప్టిస్టు మిషనరీ విలియం ఆడమ్‌గారు, విచారణవలన త్రిత్వసిద్ధాంతమును విడిచి 1821లో ఏకేశ్వరమతము నవలంబించిరి. స్వజను లాయనను రెండవసారి పతితుడైన ఆదామని పరిహసించిరి. ఆయన మన పక్షమునకు వచ్చిరని మేము దీనిని వ్రాయుట లేదు. పక్షముకంటె సత్యమే పెద్దదని యెంచి, పరిహాసమును సహించుట యిందు గ్రాహ్యము. రేపు సత్యము ప్రతిపక్షుని నోట వెలువడిన, మనమును అట్లే తల వంచగలమా?

సంస్కారులమని చెప్పుకొను మనకు ఈ ప్రశ్న తప్పదు. సభలో జాతిభేదమును ఖండించి, ఇంట పనివానికి వేఱు గిన్నె యుంచినయెడల మన వాక్చాతుర్యము క్రిందినుండి వచ్చినదే. నేడు మనము గెలిచిన వాదముల లెక్క మాని, మన మాటవలన నొచ్చినవారిని దలచుకొందము.

పరమేశ్వరా! నీ సత్యమును బలుకు నోటితోడనే మా తప్పు నొప్పుకొను ధైర్యమును మాకు దయచేయుము.