ప్రధాన విషయము తేలని విద్యార్థి – ప్రథమ సెమిస్టరు

ఇంటర్మీడియట్ పరీక్షాఫలితములు వెలువడినంతనే పల్లెలలో అనేక కుటుంబములకు ఒక ప్రశ్న ఎదురగుచుండును: “మా బిడ్డ డిగ్రీలో ఏమి చదువవలెను?” అంతకు మున్ను కళాశాల మెట్లెక్కినవారు లేని యింట ఈ ప్రశ్న మరింత బరువుగా తోచును. ఒక సంవత్సరము వృథాయైనచో రుసుము, బస్సు ఖర్చు, ఇంటికి దక్కవలసిన పని, అన్నియు వృథాయే. అయినను పదునెనిమిదేండ్ల ప్రాయమున తన ప్రధాన విషయము ఏదో తేల్చుకొనలేకపోవుట లోపము కాదు. తేల్చుకొనుటకు గడువు కలదు. ఆ గడువును సద్వినియోగము చేసికొను విధము మాత్రము మొదటి దినముననే తెలిసియుండవలెను.

గడువు ఎంత?

విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘము 2022 డిసెంబరులో డిగ్రీ చదువులకు ఒక నూతన ప్రణాళికను వెలువరించినది. దాని ప్రకారము మూడేండ్ల డిగ్రీకి 120, నాలుగేండ్ల ఆనర్సు డిగ్రీకి 160 క్రెడిట్లు పొందవలెను. అనగా సెమిస్టరునకు సగటున 20. మూడేండ్ల డిగ్రీలోని 120 క్రెడిట్లలో ప్రధాన విషయమునకు, కళాశాల వాడుకలో మేజరునకు, కనీసము 60 కేటాయింపబడినవి. మిగిలిన భాగము ఉపవిషయమునకు, భాషలకు, వృత్తినైపుణ్యములకు, ఇతర శాఖల పరిచయమునకు చెందును.

మొదటి సంవత్సరము ముగిసిన పిమ్మట ప్రధాన విషయమును మార్చుకొను వెసులుబాటును గూడ ఆ ప్రణాళిక సూచించినది. అయితే దీనికి రెండు హద్దులు కలవు. ఆ మార్పు అదే విస్తృత శాఖలోపల జరుగవలెను. కోరిన విషయమున ఖాళీ స్థానము ఉండవలెను. కావున విజ్ఞానశాస్త్రమా, వాణిజ్యమా, సాంఘికశాస్త్రమా అను శాఖానిర్ణయము ప్రవేశమునకు ముందే జాగ్రత్తగా చేయవలసినది. ఆ శాఖలో ఏ విషయమన్నది కొంత నిదానముగా తేల్చుకొనవచ్చును.

విశ్వవిద్యాలయములు ఈ ప్రణాళికను తమ తమ నిబంధనలతో అమలు జరుపును. ఆంధ్రప్రదేశ్‌లో ఒకే ప్రధాన విషయము గల పద్ధతి 2023-24 విద్యాసంవత్సరమున ప్రవేశపెట్టబడినది. తెలంగాణలో 2016 నుండి డిగ్రీ ప్రవేశములు దోస్త్ అను ఆన్‌లైన్ విధానము ద్వారా జరుగుచున్నవి. నిబంధనలు మారుచుండును గనుక, చేరబోవు కళాశాలలో ఆ యేటి ప్రతిని చూచి, విషయము మార్చుకొను వీలు కలదో లేదో ముందుగానే అడిగి తెలిసికొనుట మేలు.

ఎంపికకు నాలుగు సూత్రములు

1. మెట్లవలె సాగు విషయమును ముందు చేపట్టవలెను. గణితము, భౌతిక, రసాయనశాస్త్రములలో నేటి పాఠము నిన్నటి పాఠముపై నిలుచును. వీనిని మొదట విడిచి తరువాత అందుకొనుట కష్టము.

2. ఎట్లును తప్పని భాషాపాఠములను వాయిదా వేయరాదు. ప్రధాన విషయము ఏదైనను అవి పనికివచ్చును.

3. ఇతర శాఖల పరిచయమునకు కేటాయించిన పాఠమును కొత్త విషయమును రుచి చూచుటకు వినియోగింపవలెను. ఇంటర్మీడియట్‌లో చదివినదానినే ఇచ్చట మరల తీసికొనుట ఆ ప్రణాళిక ఉద్దేశము కాదు.

4. నలుగురితో నారాయణ యని మిత్రుడు వ్రాసిన విషయమునే వ్రాయరాదు. పొరుగు చేను పండినదని మన నేలను పరీక్షింపకయే అదే పైరు వేయుదుమా?

ఒక నమూనా

ఎం.పి.సి. చదివిన విద్యార్థిని గణితమా, రసాయనశాస్త్రమా యని సందేహించుచున్నదనుకొందము. గణితము 4, రసాయనశాస్త్రము 4, అర్థశాస్త్ర పరిచయము 3, భాష 2, కంప్యూటరు నైపుణ్యము 3, పర్యావరణాది సామాన్య పాఠములు 4: మొత్తము 20 క్రెడిట్లు. సందేహమున్న రెండు విషయములును ఇందులో కలవు. ఏది తేలినను రెండవది ఉపవిషయముగా నిలుచును.

ఇక కాలము లెక్క. ఒక క్రెడిట్ అనగా సెమిస్టరులో 15 గంటల బోధన. ప్రయోగశాలలోనైనచో 30 గంటలు. రసాయనశాస్త్రమున ఒకటి, కంప్యూటరున ఒకటి ప్రయోగమునకు పోయినచో, 15 వారముల సెమిస్టరులో వారమునకు బోధన 18 గంటలు, ప్రయోగము 4 గంటలు, వెరసి 22 గంటలు. ఇంటివద్ద చదువు, బస్సు ప్రయాణము దీనికి అదనము. ఈ లెక్క వేయక మరొక పాఠమును నెత్తికెత్తుకొన్నచో అన్నియు దెబ్బతినును.

ఉద్యోగమునకు గల సంబంధము

సివిల్ సర్వీసు పరీక్షకు ఏ విషయమున డిగ్రీ యున్నను అర్హత కలదు. మేజరు గూర్చి భయము వలదు. ఉపాధ్యాయవృత్తి కోరువారు మాత్రము జాగ్రత్త వహింపవలెను. బి.ఎడ్.లో బోధనకు ఎంచుకొను విషయము డిగ్రీలో చదివిన విషయములపై ఆధారపడును. గణితోపాధ్యాయుడు కాదలచినవాడు గణితమును మధ్యలో విడిచినచో ఆ దారి మూసికొనిపోవచ్చును. కావున ఏ విషయము ఏ దారిని తెరచునో, ఏ దారిని మూయునో ముందు విచారింపవలెను.

సెమిస్టరు ముగియునపుడు

మార్కులను మాత్రమే చూడక, ఏ పుస్తకమును ఎవరును చెప్పకయే తెరచితిని, ఏ పాఠమున ప్రశ్నలు తోచినవి, ఏ ప్రయోగమున కాలము తెలియలేదు అని విద్యార్థి తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. వారమువారము రెండు వాక్యములు వ్రాసియుంచినచో సమాధానము చేతిలోనే యుండును. పిమ్మట అధ్యాపకుని కలిసి సంప్రదింపవలెను. సంపాదించిన క్రెడిట్లను భద్రపరచుటకు 2021లో క్రెడిట్ల బ్యాంకు ఏర్పాటు గావింపబడినది గనుక, అందు చేరిన కళాశాలలలో చదివిన చదువు లెక్కలో నిలిచియుండును.

తలిదండ్రులకు ఒక మనవి. “ఏమి చదువుచున్నావు?” అని అడుగునపుడే “ఏది నీకు బాగుగా నున్నది?” అనియు అడుగుడు. మొదటి సెమిస్టరులో ఆ రెండవ ప్రశ్నకు సమాధానము దొరకినచో, కట్టిన రుసుమునకు తగిన ఫలము దక్కినట్లే.