మట్టాంచేరి మీదుగా వెళ్లు

సౌమ్యా,

ఫోర్ట్ కొచ్చిలో చూడాలని నువ్వు రాసుకున్న జాబితా మీ అమ్మ చూపించింది. కెఫేలు, గ్యాలరీలు, గోడల మీది బొమ్మలు, అన్నీ ఉన్నాయి. మట్టాంచేరి టోకు బజారు మాత్రం లేదు. అక్కడి కళ అర్థం కావాలంటే ముందు ఆ బజారులోనే నడవాలని నేనంటాను.

2012 డిసెంబరు 12న కొచ్చి-ముజిరిస్ బినాలే అనే కళా ప్రదర్శన మొదలైనప్పుడు దాన్ని స్థాపించిన కళాకారులు బోస్ కృష్ణమాచారి, రియాస్ కోము దాని కోసం కొత్త మ్యూజియమేమీ కట్టించలేదు. ప్రధాన వేదికైన ఆస్పిన్‌వాల్ హౌస్ 1867 నాటి ఇంగ్లీషు వ్యాపార సంస్థది. మిరియాలు, అల్లం, పసుపు, కొబ్బరి నూనె ఎగుమతి చేసేవాళ్లు. పెప్పర్ హౌస్ కూడా గిడ్డంగే. నీళ్ల వైపుకి తెరుచుకునే ఆ పెద్ద పెద్ద చోట్లు సరుకు కోసం కట్టినవి. మరి ఖాళీ ఎలా అయ్యాయి? రాబర్ట్ బ్రిస్టో అనే ఇంజనీరు కొచ్చి రేవు ముఖాన ఇసుకమేటను తవ్వించి, విల్లింగ్డన్ దీవిలో కొత్త రేవు కట్టించాక పెద్ద ఓడలు అటు మళ్లాయి. మట్టాంచేరిలోని యూదుల వీధి కథ వేరు. 1568లో కట్టిన ప్రార్థనా మందిరం అక్కడే ఉంది, చుట్టూ ఉన్న యూదుల్లో చాలామంది ఇజ్రాయెల్ ఏర్పడ్డాక వెళ్లిపోయారు. ఆ వీధి నిండా ఇప్పుడు పాత వస్తువుల దుకాణాలు. అంటే మనం ముచ్చటపడే అక్కడి తీరుబడి చాలావరకు ఒకరి బేరం తగ్గినందువల్లో, ఒకరు ఊరు విడిచినందువల్లో వచ్చింది.

సెలవుల్లో ఈ చరిత్ర పాఠమెందుకని అడుగుతావు. బినాలేలో ఎన్నో పనులు ఆ గదినీ ఆ గోడనీ చూసి చేసినవే. గది సంగతి తెలియకపోతే సగం చూసినట్టే. కెఫేలూ కళా లేకపోతే ఆ గిడ్డంగుల పైకప్పులు ఎప్పుడో కూలేవంటే, అదీ నిజమే, అందుకే కెఫేకి వెళ్లొద్దనడం లేదు. కానీ పాత గోడలు నిలవడం, పాత పని నిలవడం ఒకటి కాదు. అద్దె పెరిగితే ముందు లేచిపోయేది బస్తాలే. మట్టాంచేరి బజార్ రోడ్డులో టోకు వ్యాపారం ఇంకా సాగుతోంది, దాన్ని సాగుతుండగా చూడు.

అసలు గట్టి అభ్యంతరం ఇంకొకటుంది. పనిచేసుకునే మనుషుల్ని వింతలా చూడటం తప్పు కాదా? తప్పే. ఫోర్ట్ కొచ్చిలో వేలి అనే చోట ఉన్న ధోబీఖానాలో తమిళ వణ్ణాన్ కుటుంబాలు బట్టలుతుకుతుంటే అడక్కుండా ఫోటో తీయకు. బజారులో మూట మోసేవాళ్లకు అడ్డం నిలబడకు. ఏదైనా కొంటూ ధర అడిగితే మాట దానంతటదే కలుస్తుంది. ఊరికే చూస్తూ నిలబడితే ఇద్దరికీ ఇబ్బందే.

శనివారం యూదుల ప్రార్థనా మందిరం మూసి ఉంటుంది, రోజు చూసుకుని బయలుదేరు. ఎర్నాకుళం నుంచి కారు వద్దు, పడవ ఎక్కు. గిడ్డంగుల ముఖాలు నీళ్ల వైపే ఉన్నాయి.

మీ పెదనాన్న