పాముకాటు : విషహర సీరము



ఈ పుటలలో నేను సాధారణముగా విత్తనములను గూర్చియు, ఎరువులను గూర్చియు వ్రాయుచుందును. ఈ మాసమున పాముకాటును గూర్చి వ్రాయుచున్నాను. తొలకరి దగ్గరపడినది. మనము నారుమళ్లలో దిగు దినములును, పాములు కన్నములు విడిచి వెలికి వచ్చు దినములును ఒక్కటియే. నేను వైద్యుడను గాను, వ్యవసాయ ప్రదర్శకుడను. అయినను ఈ విషయమున నాకొక అనుభవము కలదు. అందులో నా తప్పును కలదు గనుక దానినే ముందుగా చెప్పెదను.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక గ్రామమున మా ప్రదర్శన క్షేత్రములో వరికుప్ప విప్పుచుండగా ఒక యువకుని పాదమున పాము కరచెను. లావుగా నుండి, వీపున గొలుసువంటి మచ్చలు గల పాము. రక్తపింజర యని అందరును గుర్తించిరి. నేను పరుగున పోయి, తుండుగుడ్డ చింపి, అతని మోకాలి క్రింద బలము కొలది బిగించి కట్టితిని. నేను చదివిన మిషను బడిలో ప్రథమ చికిత్స పాఠమున మాకు నేర్పినది అదియే: కాటుకు పైన బిగించి కట్టవలెను, కత్తితో గాటు పెట్టి రక్తమును పిండవలెను. ఆ ప్రశ్నకు పరీక్షలో నాకు పూర్తి మార్కులు వచ్చినవి. గాటు పెట్టుటకు మాత్రము చేయి రాలేదు.

ఇంతలో అతని మేనమామ వచ్చి, "ఆసుపత్రి దూరం మాస్టారూ, ముందు మంత్రం వేయిద్దాం" అనెను. తల్లి నా చేతులు పట్టుకొని, "నాయనా, చదువుకున్నవాళ్లు, మీరేం చెప్తే అదే" అనెను. ఆమె యడిగినది నా నిర్ణయము. నాకు ధైర్యము చాలక, పెద్దవాని మాటకు అడ్డు చెప్పలేక యూరకుంటిని. పొరుగూరి మంత్రగాని యొద్ద రెండు గంటలు గడచినవి. ఆసుపత్రి చేరునప్పటికి చిగుళ్లనుండి రక్తము కారుచుండెను. నేను కట్టిన కట్టు క్రింద కాలు ఉబ్బి నల్లబడి యుండెను. ప్రాణము దక్కెను గాని మూత్రపిండములు పనిచేయక పలు దినములు యంత్రముతో రక్తమును శుద్ధి చేయవలసి వచ్చెను. కాలి వ్రేళ్లు రెండు తీసివేసిరి. ఆ యేడు వారు కౌలుభూమి వదలుకొనిరి. డాక్టరు నన్ను ప్రక్కకు పిలిచి, ఈ కట్టు కట్టినదెవరని యడిగెను. నేనే యంటిని. ఆయన కోపపడలేదు. కూర్చుండబెట్టి విషయమంతయు బోధించెను. ఆయన చెప్పినదియు, పిమ్మట నేను చదివి తెలిసికొనినదియు ఇచట వ్రాయుచున్నాను.

పాము విషము ఒక్క పదార్థము గాదు, పలు మాంసకృత్తుల మిశ్రమము. మన దేశమున ఎక్కువ మరణములకు కారణములు నాలుగు జాతులు: త్రాచు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. పింజరల విషము రక్తముయొక్క గడ్డకట్టు గుణమును చెరచును. రక్తపింజర విషము మూత్రపిండములను గూడ దెబ్బతీయును. త్రాచు, కట్లపాముల విషము నరమునుండి కండరమునకు పోవు ఆజ్ఞను ఆపివేయును. ముందు కనురెప్పలు వాలును, తరువాత మాట ముద్దకట్టును, మ్రింగుడు పడదు, తుదకు ఊపిరి తీయు కండరములును నిలిచిపోవును.

కట్లపామును గూర్చి వేరుగా చెప్పవలసియున్నది. ఇది రాత్రివేళ ఇండ్లలోనికి వచ్చి, నేలమీద పరుండినవారిని కరచును. నొప్పి దాదాపు ఉండదు, కాటు గుర్తును కనబడకపోవచ్చును. తెల్లవారుజామున కడుపునొప్పి యని లేచి, రెప్పలు ఎత్తలేకున్నవారిని చూచి, అజీర్ణమనియో గాలి సోకినదనియో తలంచి ప్రొద్దెక్కువరకు ఊరకుండిన యిండ్లు గలవు. నేలపై చాప పరచి పరుండినవాడు అట్లు లేచినచో, పామును ఎవరును చూడకున్నను, అది పాముకాటేమో యని అనుమానింపవలెను.

ఈ పాముల పేర్లలో మన భాషకు సంబంధించిన ముచ్చట యొకటి కలదు. పదునెనిమిదవ శతాబ్దము చివర పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు విశాఖపట్టణమున నుండి, కోరమండల తీరపు పాములను పరిశీలించి, 1796లో చిత్రములతో గ్రంథము ప్రకటించెను. స్థానికులు చెప్పిన తెలుగు పేర్లను ఇంగ్లీషు అక్షరములలో వ్రాసికొనెను. శాస్త్రజ్ఞులు కట్లపాముల ప్రజాతికి పెట్టిన 'బంగారస్' అను పేరు మన 'బంగారు పాము' అను మాటనుండి వచ్చినదే. రక్తపింజరను ఇంగ్లీషువారు నేటికిని రస్సెల్ పేరుతోనే పిలుచుచున్నారు.

ఇక మందు సంగతి. ఫ్రెంచి వైద్యుడగు ఆల్బర్ట్ కాల్మెట్ సైగాను నగరమున పనిచేయుచుండగా, వరదవలన త్రాచుపాములు ఒక గ్రామమున జొరబడి పలువురిని కరచినవి. అది మొదలు ఆయన ఈ పరిశోధనయందు లగ్నమై, 1895 ప్రాంతమున గుఱ్ఱముల రక్తమునుండి విషహర సీరమును సిద్ధము చేసెను. పద్ధతి నేటికిని ముఖ్యముగా అదియే. గుఱ్ఱమునకు విషమును అతి స్వల్పముగా ఎక్కించి, క్రమముగా మోతాదు పెంచుదురు. మన పశువులకు గొంతువాపు టీకా వేసినప్పుడు వాని శరీరము రోగమును ఎదుర్కొను పదార్థమును తయారుచేసికొనునట్లే, గుఱ్ఱపు రక్తమున విషమును పట్టి యణచు పదార్థము పుట్టును. ఆ రక్తమును కొంత తీసి, ఆ పదార్థమును వేరుచేసి సీసాలలో నింపుదురు. టీకాకును దీనికిని భేదమేమనగా, టీకాలో మన శరీరమే పని నేర్చుకొనును. ఇచట గుఱ్ఱము నేర్చిన పనిని మనము అరువు తెచ్చుకొనుచున్నాము. మన దేశమున తయారగు సీరము పైని చెప్పిన నాలుగు జాతులకును కలిపి చేయబడినది. కావున పాము ఏదియో తెలియకున్నను చికిత్స ఆగదు. చంపిన పామును సంచిలో వేసికొని ఆసుపత్రికి పోవు వాడుక మానవలెను. దానిని చంపబోయి రెండవవాడు కరపించుకొనుటయు కలదు.

గుఱ్ఱములకు ఎక్కించు విషము ఎచటనుండి వచ్చుచున్నదో తెలిసికొన్నచో మన సంఘసభ్యులు సంతోషింపగలరు. తమిళనాడున ఇరుళులను గిరిజనులు గలరు. మన నెల్లూరు సీమ యానాదులవలె ఎలుకలను, పాములను పట్టుటయందు నేర్పరులు. పూర్వము పాముతోళ్లు అమ్మి జీవించెడివారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును, పిమ్మట తోళ్ల ఎగుమతిపై వచ్చిన నిషేధమును వారి జీవనాధారమును పోగొట్టినవి. 1978లో వారు మహాబలిపురమునకు సమీపముననున్న వడనెమ్మేలియందు పాములు పట్టువారి సహకార సంఘమును స్థాపించుకొనిరి. ఇందు వారికి తోడ్పడినవాడు రోములస్ విటేకర్ అను సర్పశాస్త్రజ్ఞుడు. పామును పట్టి కుండలో నుంచి, కొన్ని వారములపాటు వారమున కొకసారి విషము పిండి, పొట్టక్రింది పొలుసును గుర్తుగా కత్తిరించి, తిరిగి విడిచిపెట్టుదురు. విషమును ఎండబెట్టి పొడిచేసి మందుల కంపెనీలకు అమ్ముదురు. దేశమున తయారైన సీరమునకు కావలసిన విషములో అధికభాగము పలు సంవత్సరములుగా ఈ సంఘమునుండియే వచ్చినది. ఋణములు, ఎరువులు తప్ప సహకార సంఘమునకు వేరు పని లేదనువారికి ఈ సంగతి చెప్పవచ్చును.

అయితే ఇందొక లోపమును గలదు. ఒకే జాతి పాము అయినను ప్రాంతమును బట్టి విషము మారును. తమిళనాడు పాముల విషముతో చేసిన సీరము రాజస్థానమునను, ఈశాన్య దేశమునను అంత చక్కగా పనిచేయదని బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థవారి పరిశోధనలు తెలుపుచున్నవి. ప్రాంతముల వారీగా సీరములు కావలెనని వారి వాదము. ఒక ఊరి నేలకు తగిన విత్తనము మరియొక ఊరి నేలకు తగదని యెరిగిన మనకు ఇది వింతగా తోచదు.

మోతాదు సంగతి లెక్కతో చూడుడు. సీసా యొకటికి పది మిల్లీలీటర్లు. ఒక మిల్లీలీటరు రక్తపింజర విషమును 0.6 మిల్లీగ్రాము మేరకు అణచును, అనగా సీసాకు 6 మిల్లీగ్రాములు. రక్తపింజర ఒక కాటులో సగటున 63 మిల్లీగ్రాముల విషమును ఎక్కించునని అంచనా. కాబట్టియే డాక్టర్లు ఆరంభముననే ఎనిమిది మొదలు పది సీసాలు ఎక్కించుచున్నారు. పసిబిడ్డకును అంతే మోతాదు. పాము బిడ్డయని చూచి విషమును తగ్గించి విడువదు గదా. గుఱ్ఱపు పదార్థము కొందరికి పడక, దద్దురులు లేచి, ఊపిరి ఆడక, రక్తపుపోటు పడిపోవచ్చును. అందులకు విరుగుడు సూదిమందు ప్రక్కనే సిద్ధముగా నుండవలెను. ఈ సీరమును ఆసుపత్రిలోనే ఎక్కింపవలెననుట అందువలననే. విషము ఎక్కినదో లేదో తెలియుటకు ఒక సులభమైన పరీక్ష కలదు. రెండు మిల్లీలీటర్ల రక్తమును శుభ్రమైన పొడి గాజుగొట్టములో పోసి, ఇరువది నిమిషములు కదల్పకుండ నుంచి, పిమ్మట వంచి చూతురు. గడ్డకట్టనిచో పింజర విషము పని చేయుచున్నదని యర్థము.

సీరము రక్తములో తిరుగుచున్న విషమును అణచును గాని, అప్పటికే జరిగిన హానిని పూడ్చలేదు. చెడిన మూత్రపిండమును బాగుచేయలేదు. కట్లపాము విషము నరముల కొసలను చెరచిన తరువాత వానిని వెంటనే మరల పనిచేయింపలేదు. కాలము గడచిన కొలది మందు బలము తగ్గినట్లే యనుకొనవలెను. అయినను ఊపిరి నిలిచిన కట్లపాము రోగిని గూర్చి ఆశ విడువరాదు. ఊపిరి యంత్రముపై కొన్ని దినములుంచినచో నరములు తిరిగి కోలుకొని, లేచి నడచి ఇంటికి పోయినవారు పెక్కురు.

మరి మంత్రముతో బ్రతికినవారి మాట యేమని అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. కరచు పాములలో చాలభాగము విషము లేనివి. విషముగల పాము సైతము పలుమారులు విషము వదలకయే కరచును. అట్టివారు మంత్రము వేసినను బ్రతుకుదురు, వేయకున్నను బ్రతుకుదురు. మంత్రగానిని మోసగాడని నేననను. చాలమందికి తమ విద్యపై నిజమైన నమ్మకము కలదు. అట్టివారిని పగచేసికొనుటకంటె, "ముందు ఆసుపత్రికి పొండు, నేను ఇచటనుండియే జపించెదను" అని వారిచేతనే చెప్పించుట మేలు. నాకు తెలిసిన ఒక వృద్ధుడు ఇప్పుడట్లే చెప్పుచున్నాడు.

నేను కట్టిన కట్టు సంగతి మిగిలినది. బిగించి కట్టినచో విషము ఆగదు, రక్తప్రసారము ఆగును. పింజర విషము అచటనే నిలిచి మాంసమును కుళ్లజేయును. కట్టు విప్పిన క్షణమున విషము ఒక్కమారుగా పైకెగయును. ఎవరైన ఇదివరకే కట్టియున్నచో దారిలో విప్పక, సీరము సిద్ధమైన పిదప డాక్టరుచేతనే విప్పింపవలెను. గాటు పెట్టుట, నోటితో పీల్చుట, మంచుగడ్డ పెట్టుట, ఆకుపసరు పూయుట ఏదియు పనికిరాదు. చేయవలసినది ఇంతియే: రోగికి ధైర్యము చెప్పి కదలకుండ పరుండబెట్టవలెను, కడియములు, ఉంగరములు వాపు రాకమునుపే తీయవలెను, విరిగిన యెముకకు కట్టినట్లు కఱ్ఱబద్దతో కాలినిగాని చేతినిగాని కదలకుండ వదులుగా కట్టవలెను, నడువనీయక 108 బండిలో తీసికొనిపోవలెను. బండి రాక ఆలస్యమగునెడల మోటారుసైకిలుమీద ఇద్దరి నడుమ కూర్చుండబెట్టుకొని పోవచ్చును. వాంతియగుచున్నచో ఎడమప్రక్కకు ఒత్తిగిలి పరుండబెట్టవలెను.

2000 మొదలు 2019 వరకు మన దేశమున పాముకాటువలన సుమారు పండ్రెండు లక్షలమంది మరణించిరని 2020లో వెలువడిన ఒక పెద్ద పరిశోధన లెక్కగట్టినది. అనగా ఏటికి సగటున 58,000. వీరిలో అత్యధికులు పల్లెలవారు. దాదాపు సగము మరణములు జూను మొదలు సెప్టెంబరు లోపలనే. మరణములు ఎక్కువగానున్న ఎనిమిది రాష్ట్రములలో తెలంగాణముతో కలిపి లెక్కించిన ఆంధ్రప్రదేశ్ ఒకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాముకాటును నిర్లక్ష్యము చేయబడిన వ్యాధుల పట్టికలో చేర్చెను. 2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వము, 2030 నాటికి ఈ మరణములను సగమునకు తగ్గించు ప్రణాళికను ప్రకటించెను.

క్రొత్త పరిశోధనలును సాగుచున్నవి. 2024లో బెంగుళూరు విజ్ఞాన సంస్థవారును, అమెరికాలోని స్క్రిప్స్ సంస్థవారును కలసి, గుఱ్ఱముతో పనిలేకుండ ప్రయోగశాలలోనే తయారగు ఒక ప్రతిపదార్థమును కనుగొనిరి. త్రాచు, కట్లపాములయందుండు ఒక తెగ నరవిషమును అది యణచినది. 2025 ఆరంభమున, అంతకు ముందటి యేట నోబెల్ బహుమానము పొందిన డేవిడ్ బేకర్ బృందము కంప్యూటరుచేత రూపకల్పన చేయించిన చిన్న మాంసకృత్తులతో ఎలుకలను విషమునుండి కాపాడెను. ఇవి రెండును ఇంకను ఎలుకల వద్దనే యున్నవి. వరెస్ప్లాడిబ్ అను మ్రింగు మందు మాత్రము మనుష్యులపై, మన దేశమున గూడ, పరీక్షింపబడినది. 2024లో ప్రకటించిన ఫలితములలో మొత్తము రోగులకు స్పష్టమైన మేలు రుజువు కాలేదు గాని, త్వరగా మ్రింగినవారికి కొంత మేలు సూచింపబడినది. పొలముగట్టుననే మ్రింగదగిన మాత్ర యొకటి వచ్చినచో మనకంటె సంతోషించువారుండరు. అంతవరకు గుఱ్ఱపు సీరమే శరణ్యము. ప్రభుత్వ ఆసుపత్రులలో దానిని ఉచితముగా ఇచ్చుచున్నారు.

కాటు పడకుండ చూచుకొనుట అన్నిటికంటె చవుక. నేలమీద పరుండువారు దోమతెరను చాపక్రిందికి మడిచి పరుండినచో దోమలతో బాటు కట్లపామును రాదు. రాత్రి మడికి నీరు పెట్టబోవువారికి టార్చిలైటును, మోకాలివరకు వచ్చు రబ్బరు జోళ్లును కావలెను. ధాన్యమున్నచోట ఎలుకలు, ఎలుకలున్నచోట పాములు. కావున గాదెను, పిడకల దిబ్బను పడకకు దూరముగా నుంచవలెను. వరికుప్ప విప్పునప్పుడు ముందు కఱ్ఱతో కదల్చి, తరువాత చేయి పెట్టవలెను. ఆ దినము మా క్షేత్రమున కఱ్ఱ యుండెను, గోడకు ఆనించి.

సంఘ కార్యదర్శులకు ఒక మనవి. మీకు దగ్గరనున్న ఏ ఆసుపత్రిలో రాత్రివేళ సైతము సీరమును డాక్టరును ఉందురో, ఊపిరి యంత్రము ఎచటనున్నదో, వానలకు ముందుగానే స్వయముగా పోయి విచారింపుడు. సీసాలెన్ని యున్నవో గూడ అడుగుడు. పదికి తక్కువ యున్నచో ఒక్క రోగికే చాలవు. ఆ ఆసుపత్రుల పేర్లను, టెలిఫోను నంబర్లను సంఘ కార్యాలయపు నల్లబల్లమీద, యూరియా నిల్వ వ్రాయుచోటికి ప్రక్కనే, పెద్ద అక్షరములతో వ్రాయించి, నెలకొకసారి సరిచూచుకొనవలెను.