కల్పిత భాషలు

నల్గొండ జిల్లాలో మిర్యాలగూడ ప్రాంతమున త్రిపురారము అను ఊరు కలదు. నాగార్జునసాగరము ఎడమకాలువ నీటితో వరి పండు సీమ అది. అట్టి ఊళ్ళలో బాలబాలికలు ఆడుకొనునప్పుడు, పెద్దలకు తెలియకుండ మాటలాడుకొనవలెనన్నచో ప్రతి అక్షరమునకు ముందు ‘క’ చేర్చి పలుకుదురు. ‘నువ్వు రా’ అనుటకు ‘కను కవ్వు కరా’ అందురు. ఈ ‘క భాష’ ఒక్క ఊరిది కాదు. తెలుగునాట పలుచోట్ల పిల్లలకు తెలిసినదే. వేగముగ పలికినచో తెలియనివారి చెవికి అది ఏదో దూరదేశపు భాషవలె వినబడును. నిజమునకది తెలుగే. పదములు తెలుగు, వ్యాకరణము తెలుగు. పైన కప్పిన ముసుగు మాత్రము క్రొత్తది.

ఆ ప్రాంతముననే లంబాడీల తండాలు పెక్కు కలవు. అందలి తల్లులు బిడ్డలతో మాటలాడునది గోర్ బోలి. అది రాజస్థానపు భాషలకు దగ్గఱి చుట్టము. దానికి ప్రత్యేకమైన లిపి వాడుకలో లేకపోవుటచే ఒకచోట తెలుగక్షరములతోను, మఱియొకచోట నాగరాక్షరములతోను వ్రాయుచున్నారు. ఇంట ఆ భాషనే విని పెరిగిన పిల్లవానికి బడిలో తొలినాడు విను తెలుగు, పెద్దలకు ‘క భాష’ వినబడినట్లే వినబడును. అయినను ఈ రెండింటికి గొప్ప భేదమున్నది. గోర్ బోలిని ఎవరును కూర్చుండి కల్పింపలేదు. అది తరతరముల నోళ్ళలో నాని, తనంతట తాను ఏర్పడినది. లోకములోని భాషలన్నియు దాదాపు అట్లేర్పడినవే.

అయితే ఒక్క మనుష్యుడు కూర్చుండి ఒక భాషను చేయగలడా? చేయగలడు. పలువురు చేసిరి. ఎందులకు చేసిరో, చేసినదానికి ఏమి గతి పట్టెనో తెలిసికొనుట వినోదముగ నుండును. వినోదము మాత్రమే కాదు.

మన సినిమాలలోనే ఒక ఉదాహరణమున్నది. 2015వ సంవత్సరమున విడుదలయైన ‘బాహుబలి’ చిత్రమున కాలకేయులను క్రూరజాతి మాటలాడు భాష పేరు కిలికి. దానిని రూపొందించినవాడు మదన్ కార్కి అను తమిళ రచయిత. ఆయన ఆస్ట్రేలియాలో ఉన్న కాలమున పిల్లలతో ఆటగా కల్పించిన ‘క్లిక్’ అను భాష దీనికి మూలము. ఆ చిత్రమును తెలుగునను తమిళమునను తీసిరి గనుక, శత్రువు నోటిమాట ఉభయులకును సమానముగ పరాయిదై యుండవలెను. లోకములోని ఏ జాతి భాషనైనను క్రూరుల నోట పలికించినచో ఆ జాతివారు నొచ్చుకొనరా? కల్పితభాషయైనచో ఆ చిక్కు లేదు. కిలికిలో ‘మిన్’ అనగా నేను. దానిని తిరగవేసిన ‘నిమ్’ అనగా నీవు. నాలుకతో చేయు టకటక ధ్వనులును అందు మాటలతో కలిసి వచ్చును. సినిమా చూచివచ్చిన పిల్లలు అర్థము తెలియకయే కాలకేయుని పలుకులను వీథులలో వల్లించిరి. తరువాత 2020 ఫిబ్రవరి 21వ తేదీన, అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవమునాడే, ఆ భాషను నేర్చుకొనదలచువారికై దాని లిపిని, నిఘంటువును ప్రకటించిరి.

కిలికి ఆటకై పుట్టినది. శాంతికై పుట్టిన భాష వేఱొకటి కలదు. నాడు రష్యా సామ్రాజ్యములో నుండిన బియాలిస్తోక్ అను పట్టణమున పోలిషులు, రష్యనులు, జర్మనులు, యూదులు ఒకరి భాష ఒకరికి గిట్టక కలహించుచుండిరి. అది చూచుచు పెరిగిన జామెన్‌హోఫ్ అను యూదుడు, వృత్తిచే నేత్రవైద్యుడు, ఎవరికిని స్వంతము కాని భాషయైనచో అందఱికిని స్వంతమగునని తలచెను. 1887లో పదునాఱు నియమముల చిన్న వ్యాకరణముతో ఎస్పెరాంతో భాషను ప్రకటించెను. ఆ పేరునకు ‘ఆశ పెట్టుకొన్నవాడు’ అని అర్థము. అందు ‘బోన’ అనగా మంచి. ‘మాల్‌బోన’ అనగా చెడు. మనము న్యాయమునకు ముందు ‘అ’ చేర్చి అన్యాయము చేసికొన్నట్లే! ఒక్క ఉపసర్గచే సగము నిఘంటువు తగ్గిపోయినది. ఆ భాషను కోరి నేర్చినవారు దేశదేశములలో ఏర్పడిరి. 1920 తరువాత నానాజాతి సమితిలో దానిని పాఠశాలలలో నేర్పుట గూర్చి చర్చ వచ్చినప్పుడు, తమ భాష ప్రాభవము తగ్గునని ఫ్రెంచివారు అడ్డుపడిరి. హిట్లరు ప్రభుత్వము ఆ భాషవారిని హింసించెను. జామెన్‌హోఫ్ సంతానము మువ్వురును నాజీల చేతులలో మరణించిరి. అయినను ఆ భాష చావలేదు. అది ఇంటిభాషగా పెరిగిన బిడ్డలు కొందఱు నేడును ఉన్నారు.

ఇక రాజ్యాధికారము చేయందించిన భాష సంగతి చూతము. కేంబ్రిడ్జిలో చదివిన సి. కె. ఆగ్డెన్ అను ఆంగ్లేయ పండితుడు 1930లో ‘బేసిక్ ఇంగ్లీషు’ను ప్రకటించెను. ఇది పూర్తిగ కల్పించినది కాదు. ఉన్న ఇంగ్లీషును కత్తిరించి చేసినది. లక్షలకొలది మాటలలో ఆయన 850 మాత్రము మిగిల్చెను. అందు 600 వస్తువుల పేర్లు, 150 గుణవాచకములు, తక్కిన 100 వాక్యమును నడుపు మాటలు. క్రియలు ఇరువదికంటె తక్కువ! ‘ఎక్కు’ అనరాదు, ‘పైకి పోవు’ అనవలెను. ‘అడుగు’ అనరాదు, ‘ప్రశ్న పెట్టు’ అనవలెను. ఇట్లు చేసినచో విదేశీయులు స్వల్పకాలములోనే ఇంగ్లీషు నేర్వగలరని ఆయన వాదము.

ఈ వాదమందలి లోపము తెలుగు విద్యార్థికి సులభముగ తెలియును. ‘చేయి’ అను మాట చిన్నబిడ్డకును తెలుసు. కాని ‘చేయిచేసికొనెను’ అనగా కొట్టెనని, ‘చేయిచ్చెను’ అనగా మోసగించెనని, ‘కొడుకు చేతికందివచ్చెను’ అనగా సంపాదించు వయస్సువాడయ్యెనని క్రొత్తగా తెలుగు నేర్చువానికి ఏ నిఘంటువు చెప్పగలదు? ఇంగ్లీషులో ‘ఇచ్చు’, ‘పెట్టు’, ‘పోవు’ అను చిన్న క్రియలకు ‘పైకి’, ‘క్రిందికి’ వంటివి చేర్చి చేయు పలుకుబళ్ళు ఇట్టివే. మాటల సంఖ్య తగ్గినది. వాటి భారము తగ్గలేదు. ఇంగ్లీషు పుట్టుకతో వచ్చినవారికే ఆ భాష సులభముగ తోచినది.

అయినను పెద్దలు పెక్కుమంది దానిని మెచ్చుకొనిరి. జవహర్‌లాల్ నెహ్రూ 1937లో భాషాసమస్యపై వ్రాసిన వ్యాసమున, బేసిక్ ఇంగ్లీషువలె హిందుస్తానీకిని ఒక మూలరూపము ఏర్పఱచుట మేలని సూచించెను. అన్నిటికంటె బలమైన అండ బ్రిటిషు ప్రధానమంత్రి చర్చిల్‌ది. రెండవ ప్రపంచయుద్ధము సాగుచుండగనే, 1943లో, ఆయన దీనికై మంత్రుల ఉపసంఘమును నియమించెను. ఆ సెప్టెంబరు 6వ తేదీన అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయమున ప్రసంగించుచు, పరుల భూములను ఆక్రమించుటకంటె ఇట్టి భాషావ్యాప్తియే ఎక్కువ లాభకరమనియు, రానున్న కాలపు సామ్రాజ్యములు మనస్సుల సామ్రాజ్యములే యనియు చెప్పెను. చర్చిల్ ఆ మాట చెప్పునాటికి భారతదేశము ఇంకను బ్రిటిషువారి ఏలుబడిలోనే యున్నది. గాంధీజీ చెఱలో ఉండెను. బంగాళములో జనులు కఱవుచే లక్షలుగ మరణించుచుండిరి. పాఠకులు ఈ సంగతి మఱవరాదు. భూమిపై పట్టు సడలుచున్నదని తెలిసిన పాలకుడు నాలుకపై పట్టును వెదకుచుండెననుట తప్పు కాదు.

అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్టు దీనిని ఆలోచింపదగినదే అనుచు పరిహాసమును ఆడెను. 1940లో చర్చిల్ తన ప్రజలకు నెత్తురు, శ్రమ, కన్నీరు, చెమట తప్ప ఇచ్చుటకేమియు లేదని చెప్పి వారిని ఉత్తేజపఱచెను గదా! ఆ 850 మాటలలో కన్నీటికిని చెమటకును మాటలు లేవు. కావున ‘కంటి నీరు, ముఖపు నీరు’ అనవలసి యుండెడిదని రూజ్‌వెల్టు నవ్వెను. తెలుగువారికి ఈ పరిహాసము సగమే రుచించును. కన్ను, నీరు కలిసియే మన కన్నీరు. దానిలో మనకు నవ్వు పుట్టదు, దుఃఖమే పుట్టును. ఒకరికి హాస్యాస్పదమైన కూర్పు వేఱొకరికి గుండెను తాకు మాట కావచ్చును. భాష విలువ మాటల కూర్పులో కంటె వాటితో బ్రతికినవారి అనుభవములో ఉండుటచే ఇట్లగుచున్నది.

1945 ఎన్నికలలో చర్చిల్ ఓడిపోయెను. 1946లో ప్రభుత్వము ఆగ్డెన్‌కు 23,000 పౌనులు చెల్లించి బేసిక్ హక్కులను తీసికొనెను. ఆపై దానికి ఆదరణము క్షీణించెను. 1957లో ఆగ్డెన్ మరణించునాటికి దానిని తలచువారు కొద్దిమందియే. ప్రధానమంత్రి పూనుకొన్న భాష నిలువలేదు. రాజులేని, సైన్యములేని నేత్రవైద్యుని భాష నిలిచినది.

బేసిక్ ఇంగ్లీషును తొలుత ఆసక్తితో చూచిన రచయితలలో జార్జి ఆర్వెల్ ఒకడు. బీహారులోని మోతీహారిలో పుట్టిన ఈ ఆంగ్లేయుడు 1949లో ‘1984’ అను నవలను ప్రకటించెను. అందలి నిరంకుశ ప్రభుత్వము ‘న్యూస్పీక్’ అను భాషను కల్పించును. తక్కిన భాషల నిఘంటువులు ఏటేట పెరుగగా దాని నిఘంటువు ఏటేట తగ్గును. ఎదిరించుటకు మాటయే లేకున్నచో ఎదిరింపవలెనన్న తలంపే పుట్టదని ఆ పాలకుల ఉపాయము. మాట లేనంతనే తలంపు చచ్చునా అనునది భాషాశాస్త్రజ్ఞులు పూర్తిగ ఒప్పుకొనని విషయము. కాని మాటలను తగ్గించుటలో ఒక ప్రమాదమున్నదని ఆ నవల చదివిన వారెవ్వరును మఱవరు.

ఆగ్డెన్ ఇంగ్లండులో మాటలను కొట్టివేయుచున్న కాలముననే, పర్లాకిమిడి ప్రాంతపు కొండలలోని మాటలను ఒక తెలుగు పండితుడు ఏరికూర్చుచుండెను. ఆయన గిడుగు వేంకట రామమూర్తి. వాడుకభాష కొఱకు పోరాడినవాడుగ ఆయనను మనమందఱము ఎఱుగుదుము. ఆయన పుట్టినదినమగు ఆగస్టు 29నే తెలుగుభాషాదినోత్సవము జరుపుకొనుచున్నాము. కాని సవరల భాషకై ఆయన చేసిన సేవ అంతగా ప్రసిద్ధము కాదు. సవరలను ఇంటికి పిలిపించుకొని వారి భాష నేర్చెను. కొండలలో తిరుగుటచే మన్నెపుజ్వరము వచ్చెను. దానికై వాడిన క్వినైను ఆయన చెవులను చెఱిచెను. ధ్వనులను వినుటయే పనిగా గలవానికి వినికిడి పోవుటకంటె కష్టమేమున్నది? అయినను పని మానలేదు. సవరభాషకు తెలుగు లిపిలో వాచకములు వ్రాసెను, సవర పిల్లలకు బడులు పెట్టించెను. బేసిక్ ఇంగ్లీషు వెలువడిన మఱుసటి యేడు, 1931లో, ఆయన సవరభాషా వ్యాకరణమును మద్రాసు ప్రభుత్వము అచ్చువేసెను. 1938లో సవర నిఘంటువు వెలువడెను.

అంతలో రాజకీయము ఆయన ఇంటివాకిలికే వచ్చినది. 1936 ఏప్రిల్ 1వ తేదీన బ్రిటిషు ప్రభుత్వము ఒరిస్సా రాష్ట్రమును ఏర్పఱచి పర్లాకిమిడిని అందు చేర్చెను. తెలుగువారెందఱో ఉన్న ఊరిని అట్లు విడదీయుట సమ్మతింపని రామమూర్తి, డెబ్బదిరెండేండ్ల వయస్సున, చిరకాలము నివసించిన ఆ ఊరిని విడిచి రాజమహేంద్రవరమునకు వెడలిపోయెను. ఆయన 1940లో కన్నుమూసెను.

ఆ 1936లోనే సవరలలో మంగేయి గొమాంగో అను నాతడు తమ భాషకు తామే ఒక లిపిని కల్పించుకొనిరనిపించెను. దాని పేరు సొరాంగ్ సొంపెంగ్; అక్షరములు ఇరువదినాలుగు. ఇక్కడ కల్పితమైనది భాష కాదు, అక్షరములు మాత్రమే. భాష వారి తాతముత్తాతలది. నేడును సవరలు కొందఱు తెలుగు లిపిని, కొందఱు ఒడియా లిపిని, కొందఱు ఈ సొంతలిపిని వాడుచున్నారు. 2012లో ఆ ఇరువదినాలుగు అక్షరములకును యూనికోడ్‌లో చోటు దొరకినది.