కమాన్ పట్టీలు – కారు ముందు స్ప్రింగులు

లారీ చక్రం దగ్గర ఒకదాని కింద ఒకటి పేర్చిన ఉక్కు బద్దలు మీరు చూసే ఉంటారు. వాటిని మెకానిక్‌లు కమాన్ పట్టీలు అంటరు. ఉర్దూలో కమాన్ అంటే విల్లు. మన నల్లమల చెంచుల విల్లు నడుమ లావు, కొసలకు సన్నం. వంచితే నడుమనే ఎక్కువ బలం పడతది. కమాన్ కూడా అంతే. పొడుగు పట్టీ కింద పొట్టి పట్టీలు పెడితే నడుమ మందమైతది.

ప్రయోగం: స్కేలును సగం బల్ల బయటికి పెట్టి అదిమి పట్టండి. కొసకు చిన్న సంచి కట్టి 5 గోలీలు వేయండి. తర్వాత 10 వేయండి. దాదాపు రెండింతలు వంగుతది. ఇది రాబర్ట్ హుక్ 1678లో ప్రచురించిన సూత్రం. రెండు స్కేళ్లు కలిపి పెడితే సగమే వంగుతది. అంటే పట్టీలు పెరిగితే స్ప్రింగు గట్టిపడుతుంది.

గద్వాల, వనపర్తి సంస్థానాలు నిజాం కింద ఉన్న రోజుల్లో ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ రోల్స్ రాయిస్ కారు చేయించమన్నారు. 1911లో ఆయన చనిపోయారు. 1912 నాటి ఆ పసుపు కారు హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. దాని ముందు చక్రాలు రెండింటికీ ఒకటే ఇరుసు, దాని మీద కమాన్లు. ఇట్లాంటి కార్లలో ఒక చక్రం రాయెక్కితే రెండోది కూడా వాలుతది. ముందు స్ప్రింగులు మరీ మెత్తగా చేస్తే చక్రాలు వణికి స్టీరింగ్ అదిరేది. అందుకే గట్టిగా పెట్టేవారు. అప్పుడు రాజు కూర్చున్నా కుదుపు తప్పదు!

రోల్స్ రాయిస్‌లో పనిచేసిన మారిస్ ఆలీ అనే ఇంజనీరు 1930లో అమెరికాలోని కాడిలాక్ కంపెనీకి పోయాడు. ముందు స్ప్రింగులే వెనక వాటికన్న మెత్తగా ఉండాలని ఆయన తేల్చాడు. ఎందుకు? గుంత మొదట ముందు చక్రానికి తగులుతది, తర్వాత వెనక చక్రానికి. ముందుభాగం నెమ్మదిగా ఊగితే, వెనకభాగం త్వరగా ఊగి దాన్ని అందుకుంటది. అప్పుడు కారు తల ఊపకుండా సమంగా లేస్తది. 1934 కాడిలాక్ కార్లలో ముందు చక్రాలకు వేర్వేరుగా చుట్ట స్ప్రింగులు పెట్టారు. ఒక చక్రం ఎగిరినా రెండోది కదలలేదు.

మనకేం లాభం అంటారా? బస్సులో చివరి సీటు వెనక చక్రాలకు కూడా అవతల ఉంటది. అందుకే అక్కడ ఎగిరిపడుడు ఎక్కువ. ముందు, వెనక చక్రాల నడుమ తక్కువ. కాబట్టి ఆస్పత్రికి పోయే గర్భిణులకు, రోగులకు, ముసలోళ్లకు నడిమి సీటు ఇవ్వండి. ఈ సంగతి సెలవులకు పోయినప్పుడు ఇంట్లో కూడా చెప్పండి.