ఖాళీ వీధి

పిల్లలూ! "ఫోటో అబద్ధమాడదు" అంటారు కదా! అయితే ఈ సంగతి వినండి.

1838లో లూయీ డాగెర్ అనే ఫ్రెంచివాడు పారిస్‌లో ఒక కిటికీ నుంచి 'బుల్వార్ దు తాంప్ల్' అనే వీధిని ఫోటో తీశాడు. బళ్ళతో, జనంతో సందడిగా ఉండే వీధి అది. కాని ఫోటోలో దాదాపు నిర్మానుష్యం! ఒక మూల బూట్లు పాలిష్ చేయించుకుంటున్న మనిషి మాత్రం కనిపిస్తాడు. మిగిలినవారంతా ఏమైనట్లు?

డాగెర్ వాడినది వెండిపూత గల రాగిరేకు. దానిపై బొమ్మ ఏర్పడాలంటే కొన్ని నిమిషాలపాటు కాంతి ఒకేచోట పడాలి. ఇళ్ళు కదలవు, కనుక వాటి బొమ్మ పడింది. బూట్ల మనిషి కదలక నిలిచాడు, అతనూ పడ్డాడు. నడిచిపోయేవారి కాంతి ఏ ఒక్కచోటా చాలినంతసేపు పడలేదు. గ్రూపు ఫోటోకు కదలవద్దని ఎందుకంటారో తెలిసిందా?

1878లో అమెరికాలో ఇందుకు విరుద్ధంగా జరిగింది. మైబ్రిడ్జ్ 12 కెమెరాలు వరుసగా పెట్టి, పరుగెత్తే గుర్రాన్ని అతి తక్కువ వ్యవధిలో ఫోటోలు తీశాడు. నాలుగు కాళ్ళూ ఒకేసారి నేలను విడిచేది చిత్రకారులు గీసినట్లు అవి బారజాచినపుడు కాదు, పొట్టకిందికి ముడుచుకున్నపుడని తేలింది.

చూశారా! ఒక ఫోటో ఉన్నవారిని దాచింది. మరొకటి కంటికి అందనిదాన్ని చూపింది. రెండూ అబద్ధాలు కావు. అయినా ఏదీ పూర్తి నిజం కాదు.

ఇకపై పత్రికలో ఫోటో చూసినపుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. కాంతి ఎంతసేపు పడింది? ఎక్కడినుంచి తీశారు? అంచుల అవతల ఏముంది?