కప్పు కాఫీలో కొండరైతు వాటా

సౌదీ అరేబియాలో పెరిగే తెలుగు పిల్లలకు కాఫీ రెండు రూపాలలో పరిచయం. ఇంట పెద్దలు త్రాగే పాలకాఫీ ఒకటి. అరబ్బుల ఇళ్లలో ఖర్జూరంతో పాటు అతిథులకు అందించే, యాలకుల పరిమళం గల ‘గహ్వా’ మరొకటి. రెండింటికీ మూలమైన గింజను ఎవరో చేతితో కోస్తారన్న సంగతి మాత్రం చాలామంది పిల్లలు ఎరుగరు. ‘ఫెయిర్ ట్రేడ్’, అనగా న్యాయమైన వ్యాపారం, ఏమిటో ప్రాథమిక తరగతులలో బోధించడానికి ఇంతకంటె అనువైన వస్తువు లేదు.

పాఠాన్ని పండుతో ప్రారంభించాలి. కాఫీ పండ్లు ఒక కొమ్మకైనా ఒకేసారి పండవు. ఎర్రబడిన వాటినే ఏరి కోయాలి గనుక రైతు ఒకే మొక్క వద్దకు పలుమార్లు వెళ్లవలసి వస్తుంది. సుమారు ఆరు కిలోల పండ్ల నుండి ఒక కిలో పచ్చిగింజలు లభిస్తాయి. వేయించినప్పుడు అందులో దాదాపు ఆరవ వంతు బరువు తరుగుతుంది. నేటి అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అరకు, పాడేరు కొండలపై సిల్వర్ ఓక్ చెట్ల నీడన గిరిజనులు పడే శ్రమ ఇదే. సౌదీలోని జాజాన్ కొండలలో మెట్లపొలాల రైతులు ‘ఖౌలానీ’ గింజను పండించేదీ ఇట్లే. ఆ సాగు పరిజ్ఞానాన్ని 2022లో యునెస్కో గుర్తించింది.

ఇక ధర సంగతి. అప్పున్న రైతు మంచి ధర కోసం వేచి ఉండలేడు. సంతలో దళారి చెప్పినదే ధర అవుతుంది. మన్యంలో దీనికి విరుగుడుగానే 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. ఐరోపాలో 1988లో నెదర్లాండ్స్‌లో ‘మాక్స్ హవెలార్’ ముద్ర వెలువడింది. మరుసటి సంవత్సరమే అంతర్జాతీయ కాఫీ ఒప్పందపు కోటాలు రద్దయి ధరలు కుప్పకూలడంతో అటువంటి ముద్ర అవసరం లోకానికి తెలిసివచ్చింది. ఆ ముద్ర కోరేది దానం కాదు. సంత ధర ఎంత పడినా ఒక కనీస ధరకు తగ్గి కొనరాదు. పెరిగితే పెరిగిన ధరే ఇవ్వాలి. 2023 ఆగస్టులో కడిగిన అరబికా రకానికి ఆ కనీస ధరను పౌనుకు 1.80 డాలర్లుగా నిర్ణయించారు. రైతు సంఘానికి మరో 20 సెంట్లు అదనం.

దీనిని పిల్లలు తమ ఎరుకలోని హలలాలలోకి మార్చుకోవాలి. మొత్తం రెండు డాలర్లంటే కిలోకు సుమారు 16.50 రియాళ్లు. కప్పుకు పది గ్రాముల పొడి, అనగా 12 గ్రాముల పచ్చిగింజ అవసరమనుకుంటే, 20 హలలాలు! అదీ ఓడరేవు వద్ద ధరే. అందులో సంఘం ఖర్చులు పోగా మిగిలినదే రైతుకు.

అంగడిలో కప్పు పది రియాళ్లనుకొని, బల్లపై యాభై ఖర్జూరాలు పెట్టాలి. అందులో కొండకు చేరేది ఒక్కటే. తక్కిన వాటిని ఓడకు, వేయించేవారికి, పాలకు, అద్దెకు, కప్పు అందించే పనివానికి పిల్లల చేతనే పంచించాలి. మధ్యవారందరూ దొంగలేనని నేర్పడం కూడా అన్యాయమే. ఆపై ఒక ప్రశ్న: గింజ ధర సగానికి పడితే అంగడివాడు కప్పు ధర తగ్గిస్తాడా? ఆ సగం ఖర్జూరం ఎవరి చేతిలోది?

చివరకు ఆ అదనపు సెంట్లు. వాటిని ఎట్లా వెచ్చించాలో సంఘ సభ్యులే ఓటు ద్వారా తేల్చుకుంటారు. కనీసం ఐదు సెంట్లు మాత్రం దిగుబడికి, నాణ్యతకు కేటాయించాలి. తరగతిని సంఘంగా కూర్చోబెడితే ఒకరు బడి అంటారు, ఒకరు మంచినీళ్లంటారు, మరొకరు గింజలు ఆరబెట్టే కళ్లమంటారు. అప్పుడు ఉపాధ్యాయుడు తీర్పు చెప్పక, చేతులు లెక్కించాలి.